నెలలు నిండని శిశువుల వైద్యం: కర్నూలు, కడప

37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డను నెలలు నిండని శిశువు అంటారు. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ దక్కదు అన్న పెద్దల లెక్క పూర్తిగా తలకిందులు. కడుపులో గడిచే ప్రతి వారమూ ఊపిరితిత్తులకు బలమే.

ఆంధ్ర రాష్ట్ర రాజధాని హోదా పోయిన 1956లోనే కర్నూలుకు వైద్య కళాశాల దక్కింది. దాని పెద్దాసుపత్రికి పాలమూరు నుంచి, కర్ణాటక సరిహద్దు పల్లెల నుంచి కూడా వస్తారు. కడపలో రిమ్స్ 2006లో మొదలైంది. 2005లో వచ్చిన 108 అంబులెన్సులు దూరాభారాన్ని కొంత తగ్గించాయి. 2011 నాటి జననీ శిశు సురక్ష కార్యక్రమం నవజాత శిశువుకు 30 రోజుల దాకా ప్రభుత్వాసుపత్రి వైద్యాన్ని, రవాణాను ఉచితం చేసింది. తర్వాత ఆ గడువు ఏడాదికి పెరిగింది. తల్లికి తోడుండేవాళ్లు పోగొట్టుకునే కూలి మాత్రం ఆ పథకంలో లేదు.

ఊపిరితిత్తుల గాలి గదులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ పదార్థం తక్కువ కావడం మొదటి గండం. నెలలు నిండకుండానే నొప్పులొచ్చిన తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే ఈ ముప్పు తగ్గుతుందని న్యూజిలాండ్ వైద్యులు లిగిన్స్, హోవీ 1972లోనే చూపారు. మన ఏఎన్ఎంలకు ఆ సూది వేసే అనుమతి రావడానికి 2014 దాకా పట్టింది. మిగతా గండాలు ఇన్ఫెక్షన్లు, కామెర్లు, పేగు జబ్బులు, ఊపిరి మధ్యలో ఆగిపోవడం.

చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ కుదరడానికి దాదాపు 34 వారాలు రావాలి. అంతవరకూ మొదట ముక్కు గొట్టంతో, తర్వాత ఉగ్గుగిన్నెతో తల్లిపాలే పడతారు. బిడ్డను తల్లి రొమ్ముల మధ్య, ఒంటికి ఒళ్లు తగిలేలా కట్టుకునే కంగారూ సంరక్షణ 1978లో బొగోటాలో ఇంక్యుబేటర్ల కొరత వల్ల పుట్టింది. వెచ్చదనం నిలిచి, పాలు తాగి, వరుసగా కొన్ని రోజులు బరువు పెరిగితేనే ఇంటికి పంపుతారు.

అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. 34 వారాల లోపు పుట్టినా, రెండు కిలోల కన్నా తక్కువ తూగినా నెలలోపే కంటి రెటీనా పరీక్ష జరగాలి. ఆదోని, ఆలూరు వైపు నుంచి సుగ్గికి, అంటే వలస కూలికి, గుంటూరు మిరప చేలకు పోయే కుటుంబాలకు ఆ తేదీ తప్పిపోవడం తేలిక. పైకి కన్ను మామూలుగానే కనిపిస్తుంది. లోపల రెటీనా జబ్బు ముదిరినట్టు తేలితే లేజర్ చికిత్సకు ఉండే వ్యవధి రెండు మూడు రోజులే.