కొత్తపట్నం రాజకీయ పాఠశాల

కొత్తపట్నం రాజకీయ పాఠశాల 1937 వేసవిలో ఒంగోలు సమీపాన, సముద్రతీరాన ఉన్న కొత్తపట్నంలో ఆంధ్ర కాంగ్రెస్ సోషలిస్టులు నిర్వహించిన రాజకీయ శిక్షణ శిబిరం. అప్పుడు ఆ గ్రామం గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన జిల్లాలోకి మారింది.

కమ్యూనిస్టు పార్టీపై 1934లో నిషేధం పడ్డాక, ఆంధ్రలో దాని కార్యకర్తలు కాంగ్రెస్ సోషలిస్టు పార్టీలో ఉంటూ బహిరంగంగా పనిచేశారు. వలస పాలన స్వభావం, జమీందారీ వ్యవస్థ, జాతీయోద్యమ చరిత్ర, సోషలిజం వంటి విషయాలను యువకులు కలిసి చదివి, విని, చర్చించే వేదికగా వేసవి పాఠశాల రూపొందింది. సెలవుల కాలం కావడంతో విద్యార్థులకు అది అనువైంది. ప్రధానాచార్యుడు కంభంపాటి సత్యనారాయణ. దీనికి ముందే నిడుబ్రోలులో ఎన్.జి.రంగా రైతు కార్యకర్తల కోసం విద్యాలయం నడిపారు.

పాఠశాల జరిగిన సమయం రాజకీయంగా అసాధారణమైనది. 1937 ఫిబ్రవరి ఎన్నికల్లో మద్రాసు రాష్ట్రంలో కాంగ్రెస్ గెలిచినా, గవర్నర్ ప్రత్యేకాధికారాల వివాదంతో వెంటనే మంత్రివర్గం ఏర్పరచలేదు. ఏప్రిల్ 1 నుంచి జూలై 14 వరకు కూర్మా వెంకటరెడ్డి నాయుడి తాత్కాలిక ప్రభుత్వం నడిచింది. ఆ వ్యవధిలోనే పాఠశాలను నిషేధించారు. చెదరని విద్యార్థులపై పోలీసులు లాఠీలు ఝళిపించారు. పాఠాలు ఆగినా నిషేధమే పాఠశాల పేరును ఆంధ్రమంతటా మోసుకుపోయింది. మరుసటి ఏడాది, రాజాజీ నేతృత్వంలోని కాంగ్రెస్ మంత్రివర్గ కాలంలో, మంతెనవారిపాలెంలో ఇటువంటి పాఠశాలే జరిగింది.