రిచ్‌మండ్ కొండలెక్కిన విద్యుత్ బండి

నగరం పెరిగేకొద్దీ అందులో నివసించేవారికి ఇల్లు ఒకచోట, పని మరొకచోట అవుతుంది. ఈ రెంటి నడుమ దూరం కాలినడకకు అందినన్నాళ్లు చిక్కు లేదు. పందొమ్మిదవ శతాబ్దం ఉత్తరార్ధంలో అమెరికా నగరాలు ఆ హద్దు దాటినవి. వీధులలో ఇనుప పట్టాలు పరచి, వాటిపై గుర్రాలచేత బండ్లను లాగించేవారు. గుర్రం కొద్ది గంటలకే అలసిపోతుంది. ఒక్క బండి రోజంతా తిరగాలంటే పలుమార్లు గుర్రాలను మార్చవలసి వచ్చేది. మేత, శాలలు, పేడ ఎత్తించడం - ఈ ఖర్చులు వేరు. 1872లో గుర్రాలకు అంటుజాడ్యం సోకినప్పుడు అనేక నగరాలలో రాకపోకలే స్తంభించినవి.

విద్యుచ్ఛక్తితో బండి నడపవచ్చునన్న సంగతి అప్పటికి కొన్నేళ్లలోనే రుజువైంది. 1881లో బెర్లిన్ సమీపాన లిఖ్టర్‌ఫెల్డేలో సీమెన్స్ సంస్థ ట్రాము నడిపింది. అక్కడ విద్యుత్తు పట్టాలలోనే ప్రవహించేది కాబట్టి దారి దాటే గుర్రాలకు షాకు తగిలేది. 1886లో అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో వాన్ డెపోల్ నగరమంతటికీ విద్యుత్ బండ్లు తెచ్చాడు. అతడు మోటారును బండి ముందరి అరుగుమీద నిలిపి, గొలుసుతో చక్రాలను తిప్పించాడు. ఆలోచనకు కొరత లేదు. ఎగుడుదిగుడు వీధులలో ఏడాది పొడవునా తట్టుకొనే యంత్రానికే కొరత.

ఆ పనికి పూనుకొన్నవాడు ఫ్రాంక్ స్ప్రేగ్. 1857లో జన్మించి, నౌకాదళ విద్యాలయంలో చదివి, కొంతకాలం ఎడిసన్ వద్ద పనిచేసి, 1884లో సొంత కంపెనీ పెట్టుకొన్నాడు. 1887లో వర్జీనియా రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌లో కొత్త మార్గం నిర్మించే ఒప్పందం అతనికి దొరికింది. 12 మైళ్ల దారి, 40 బండ్లు, విద్యుత్ కేంద్రం - అన్నీ 90 రోజులలో సిద్ధం కావాలి. ప్రతిఫలం 1,10,000 డాలర్లు. అదీ బండ్లు తృప్తికరంగా నడిస్తేనే! ముప్ఫై ఏళ్లవాడు గనుక ఇటువంటి ఒప్పందంపై సంతకం చేశాడనుకోవాలి. చేసిన కొద్ది కాలానికే విషజ్వరంతో మంచం పట్టాడు. పని భారం క్రాస్బీ, గ్రీన్ అనే సహాయకులపై పడింది.

స్ప్రేగ్ కోలుకొని వచ్చి చూసేసరికి పట్టాలు ఎర్రని బంకమట్టిలో వంకరటింకరగా పడి ఉన్నవి. అంతకంటె భయపెట్టినది ఏటవాలు. కొన్నిచోట్ల నూరు అడుగులు పోతే పది అడుగులు ఎక్కాలి. సమతలంపై ఒక టన్ను బండిని కదలించడానికి పది పదిహేను కిలోల లాగుడు చాలును. పదింట ఒక వంతు వాలుపైన ఆ టన్నులో పదవ భాగం, అంటే మరి నూరు కిలోలు, అదనంగా లాగవలసి వస్తుంది. నునుపైన ఉక్కు చక్రం నునుపైన ఉక్కు పట్టాపై జారకుండా నిలుస్తుందా అన్న సందేహం కూడ ఉండేది.

1887 నవంబరులో ఒక రాత్రి స్ప్రేగ్ తానే బండి నడిపి చూశాడు. చక్రాలు జారలేదు, బండి కొండ ఎక్కింది. కాని పైకి చేరేసరికి మోటారు కాలి కదలలేదు. కారణం ఇది. తిరిగే మోటారు తనలో తానే ఎదురు వోల్టేజిని పుట్టిస్తుంది. వేగం తగ్గితే ఆ ఎదురు తగ్గి, తీగచుట్టలలోకి విద్యుత్తు వెల్లువలా వస్తుంది. ప్రవాహం రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. చుట్టూ జనం మూగి చూస్తున్నారు. మరమ్మతుకు కొన్ని "పరికరాలు" తేవాలని స్ప్రేగ్ సహాయకునికి చెప్పి, దీపాలార్పి, జనం వెళ్లిపోయేదాకా బండిలోనే పడుకొన్నాడు. చీకటిలో వచ్చిన ఆ పరికరాలు నాలుగు బలమైన కంచరగాడిదలు!

తరువాత మోటారుకు, ఇరుసుకు నడుమ ఒకే జత పళ్లచక్రాలకు బదులు రెండు జతలు అమర్చారు. బండి మెల్లగా కొండ ఎక్కుతున్నా మోటారు తగిన వేగంతో తిరిగేందుకు వీలైంది. అయితే పళ్లచక్రాలు ఎల్లప్పుడూ ఒకదానితో ఒకటి సరిగా పెనవేసుకొని ఉండాలి. బండి గతుకులలో ఎగిరెగిరి పడుతుంటే ఇదెట్లా? స్ప్రేగ్ మోటారు ఒక చివరను ఇరుసుకే బేరింగులతో తగిలించాడు. రెండవ చివరను చట్రం నుండి స్ప్రింగుపై వేలాడదీశాడు. ఇరుసు ఎటు కదిలితే మోటారూ అటే కదులుతుంది. నడుమ దూరం మారదు. ఒంటిచక్రపు తోపుడుబండి ఒక చివర చక్రంపైన, మరొక చివర మనిషి చేతులపైన ఆనినట్లే ఇదీ. చూస్తే అతి స్వల్పమైన ఉపాయం. ఈ కథలో అన్నిటికంటె ఎక్కువకాలం బ్రతికినది మాత్రం ఇదే.

1888 ఫిబ్రవరి 2న రాకపోకలు మొదలైనవి. 90 రోజుల గడువు ఎప్పుడో దాటిపోయింది. వచ్చిన సొమ్ముకంటె కంపెనీ పెట్టిన ఖర్చే ఎక్కువ. మోటార్లలోని లోహపు బ్రష్‌లు అరిగిపోతుంటే మార్చి మార్చి విసిగిపోయారు. ఆ వేసవిలో బోస్టన్ ట్రాము కంపెనీ అధిపతి హెన్రీ విట్నీ చూడవచ్చాడు. అనేక బండ్లు ఒకేచోట గుమికూడితే ఈ ఏర్పాటు ఆగిపోతుందని అతని సలహాదారుల వాదం. స్ప్రేగ్ ఒక రాత్రి 22 బండ్లను దారి చివర వరుసగా నిలబెట్టి, ఒకదాని వెనుక ఒకటిగా బయలుదేరదీశాడు. వోల్టేజి ఒక్కసారిగా పడిపోయి దీపాలు మసకబారినవి. అయినా బండ్లన్నీ కదిలినవి. వేగం అందుకొన్నకొద్దీ మోటార్ల ఎదురు వోల్టేజి పెరిగి, దీపాలు మరల వెలిగినవి. బోస్టన్ విద్యుత్తువైపు మొగ్గింది. రెండేళ్లు తిరిగేసరికి స్ప్రేగ్ సామగ్రితో నూటికి పైగా మార్గాలు కొన్ని నడుస్తూ, కొన్ని నిర్మాణంలో ఉన్నవి.

1895లో ఈ కెరటం అప్పటి ఆంధ్ర జిల్లాలకు కూడ రాజధానియైన చెన్నపట్నాన్ని తాకింది. భారతదేశంలో తొలి విద్యుత్ ట్రాము అదే. విద్యుత్తీగను మొదట నేలలోని కాలువలో అమర్చారు. వానకాలంలో నీరు నిండేసరికి, రిచ్‌మండ్‌లో వలె పైన తీగ కట్టక తప్పలేదు. రిచ్‌మండ్ ట్రాములు 1949లో, చెన్నపట్నపు ట్రాములు 1953లో ఆగిపోయినవి. మోటారు కారు, బస్సు వాటి చోటు ఆక్రమించినవి. కాని రోడ్లు క్రిక్కిరిసిన తరువాత నగరాలు మరల పట్టాలవైపు చూశాయి. 1972లో అమెరికాలో "లైట్ రైల్" అన్న కొత్త పేరు పుట్టింది. 1978లో కెనడాలోని ఎడ్మంటన్‌లో అటువంటి మార్గం ప్రారంభమైంది. బండి పొడవైంది, దారి ప్రత్యేకమైంది. తలపై తీగ, కాళ్లకింద పట్టా మాత్రం అవే.

ఇరుసుపై ఒక చివర ఆని, రెండవ చివర వేలాడే మోటారు మన దేశంలోనే ఇప్పటికీ కనిపిస్తుంది. బొగ్గు, ఇనుప ఖనిజం లాగే మన రైల్వే సరకు ఇంజనులు ఎన్నింటిలోనో మోటార్లు ఆ తీరునే అమరి ఉన్నవి.