మూరెడు మొగ్గలు

మధ్యాహ్నం రెండు దాటింది. ఏప్రిల్ ఎండకి రాజమండ్రి దానవాయిపేట వీధి ఖాళీ అయిపోయింది. కుక్క కూడా ఆగి ఉన్న ఆటో కిందకి దూరింది. ఇంట్లో అందరూ ఓ కునుకు తీస్తున్నారు. మేలుకొని ఉన్నది మా మేనత్త ఒక్కతే. వసారాలో కిటికీకి తడిపిన తువ్వాలు వేలాడదీసి, దాని పక్కనే చాప మీద కాళ్లు చాపుకుని గోడకి ఆనుకుంది. ఒళ్లో నాలుగు మడతలు పెట్టిన ఆదివారం పుస్తకం. చేతిలో పెన్సిలు, చెవి మీద ఇంకో పెన్సిలు.

"మాట్లాడకు," అంటుంది, నేనింకా నోరు విప్పకముందే.

గళ్ల నుడికట్టు నింపుతోంది. పక్కన కూర్చుంటే పెన్సిలు కాగితం మీద గీసుకునే చప్పుడూ, మధ్యమధ్య ఆవిడ గొణుగుడూ వినిపిస్తాయి. "నిలువు ఏడు. తిరగబడ్డ తీగకి నూనె రాసుకోవచ్చు. రెండక్షరాలు." కళ్లు మూసుకుంటుంది. "తీగంటే వల్లి. తిరగేస్తే ల్లివ. కాదు." వేలితో గాల్లో రాస్తుంది. ఒక్క క్షణం ఆగి కళ్లు తెరుస్తుంది. "లత! తిరగేస్తే తల. నూనె రాసుకోవచ్చు, దువ్వుకోవచ్చు." ఆ రెండు గళ్లూ నింపేటప్పుడు ముఖం చూడాలి. డెబ్బై దగ్గరపడుతున్న మనిషి, పదేళ్ల పిల్లలా పెదవి కొరుక్కుని, అక్షరం గీతకి తగలకుండా గుండ్రంగా రాస్తుంది.

తెలుగులో ఈ ఆట తేలిక కాదు. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం పడాలి, గుణింతంతో, ఒత్తుతో సహా. "స్త్రీ" మొత్తం ఒక గడిలోనే ఇమడాలి. అడ్డం మాటకీ నిలువు మాటకీ కలిసే చోట క ఉంటే సరిపోదు, కి అయితే రెండిట్లోనూ కి కావాలి. శ్రీశ్రీ, ఆరుద్ర అంతటివాళ్లు వారపత్రికల్లో ఈ గళ్లు కూర్చారంటే ఊరికే కాదు. కూర్చేవాళ్ల తెలివికి ఇల్లు కదలకుండా ఎదురు నిలబడడం అత్తకి మహా ఇష్టం. పెళ్లయిన కొత్తలో పత్రిక ముందు మామగారి చేతికి, తర్వాత మావయ్య చేతికి వెళ్లేది. వంటిల్లు కడుక్కుని తను వచ్చేసరికి గళ్లు సగం నిండి ఉండేవి. తనకి తెలిసిన జవాబు పక్కన వాళ్ల తప్పు జవాబు కనిపించేది, దిద్దడానికి లేదు. ఇప్పుడు పత్రిక తన డబ్బుతో, తన పేరు మీద వస్తుంది. ఆదివారం పొద్దున్నే దాన్ని తీసి బీరువాలో పెడుతుంది. మధ్యాహ్నం దాకా ఎవరూ ముట్టుకోకూడదు.

"అడ్డం పదిహేను నువ్వు చెప్పగలవా?"

చెప్పలేనని తల ఊపితే సంతోషంగా నవ్వుతుంది. "నేనూ చెప్పలేను. రాత్రికి వస్తుందిలే."

నాలుగున్నరకి టీ. అయిదుకి సంచీ భుజాన వేసుకుని బయల్దేరుతుంది, పుస్తకం మార్చుకోవాలి. గేటు ముందు పొద్దున వేసిన ముగ్గు స్కూటర్ల కింద నలిగి, అక్కడక్కడ ఒక మెలిక మిగిలింది. 15 చుక్కలతో మొదలై 8 వరకు సందు చుక్క. మధ్యన 15, అటూ ఇటూ ఒక్కో చుక్క తగ్గుతూ 8కి ఆగుతుంది. అన్నీ కలిపితే 169. అన్ని చుక్కలనీ చుడుతూ గీత ఎక్కడా తెగకుండా మొదలుపెట్టిన చోటికే రావాలి. సంక్రాంతి నెల దాటిపోయి ఎన్నాళ్లో అయింది, వీధిలో మిగతా వాకిళ్లలో రెండు గీతలు గీసి వదిలేస్తున్నారు. ఈవిడ మాత్రం రాత్రి పొడుగాటి నోటు పుస్తకంలో వేసి చూసుకున్నది పొద్దున్న వాకిట్లో దించుతుంది. నలిగిపోయిందే అంటే, "వేశాను కదా" అంటుంది. ఆ మాటలో విచారం లేదు. వెయ్యడమే ఆవిడకి కావలసింది.

గౌతమీ గ్రంథాలయంలో ఎక్కువసేపు ఉండదు. బల్లల దగ్గర వార్తాపత్రికలు చదివే పెద్దమనుషుల్ని దాటుకుని నేరుగా కథల బీరువా దగ్గరికి వెళ్తుంది. వెన్ను చిరిగిన పుస్తకాలు తనకి ఇష్టం, ఎక్కువమంది చదివినవి కాబట్టి. మొదటి పేజీ, మధ్యలో ఓ పేజీ చదివి తీసుకుంటుంది. చివరి పేజీ జోలికి పోదు. దారిలో నడుస్తూనే సంచీలోంచి తీసి అట్ట చూసుకుంటుంది. ఈ ఊరికి ధవళేశ్వరం కూతవేటు. అక్కడ 1874లో వీరేశలింగం ఆడపిల్లలకి బడి పెట్టినప్పుడు, ఆడదానికి చదువెందుకు అన్న ప్రశ్నకి అందరూ ఏదో ఒక ఉపయోగం చెప్పుకున్నారు. పిల్లల్ని బాగా పెంచుతుంది, ఇల్లు చక్కగా దిద్దుతుంది అని. చదువుకోవడం బాగుంటుంది కాబట్టి చదువుకుంటుంది అని చెప్పడానికి చాలా కాలం పట్టింది. మన ఇళ్లలో ఆడవాళ్ల సరదాలన్నీ అలా ఏదో ఒక పని ముసుగు కప్పుకునే బతికాయని నాకనిపిస్తుంది. ముగ్గు లక్ష్మీదేవి కోసం, కుట్టు పొదుపు కోసం, పాట పెళ్లిచూపుల కోసం, మొక్కలు దేవుడి పూల కోసం. అత్త ఆ ముసుగు ఎప్పుడు తీసేసిందో నాకు తెలియదు. ఇప్పుడైతే లేదు.

సూర్యుడు దిగకముందే మేడెక్కాలి. అదే అసలు వేళ.

మెట్లు ఎక్కి పైకి రండి, చెప్పులు విడవండి. గచ్చు ఇంకా కాలుతోంది, గోడ నీడ పడిన అంచునే నడవాలి. వరసగా సిమెంటు తొట్లు. ఇటు కనకాంబరం, మరువం. అటు విరజాజి పందిరి. మధ్యలో నాలుగు తొట్లలో బొడ్డుమల్లె. కడియం నర్సరీల నుంచి మోకాలెత్తు మొక్కలుగా వచ్చాయి. ఇప్పుడు నడుము దాటాయి. చలికాలంలో వీటిని చూసినవాళ్లు చచ్చిపోయాయనుకుంటారు. నీళ్లు తగ్గించి ఎండగట్టి, జనవరిలో కొమ్మలు సగానికి కత్తిరించి, ఉన్న ఆకంతా దూసేసి, మోళ్లు చేసి వదిలేస్తుంది. తర్వాత పాదు తవ్వి, బాగా చివికిన పశువుల ఎరువు వేసి, అప్పుడు నీళ్లు మొదలుపెడుతుంది. మల్లె పూసేది కొత్త చిగురు చివరన. పాత కొమ్మ మీద జాలిపడి వదిలేస్తే ఆకు పెరుగుతుంది తప్ప మొగ్గ రాదు. కత్తెర పట్టుకోవడానికి మొదట్లో చెయ్యి వణికేదట. ఇప్పుడు వణకదు.

అత్త చీర కొంగు నడుముకి దోపి, చిన్న వెదురు బుట్ట మోచేతికి తగిలించుకుంది. "ఇదిగో చూడు," అని ఒక గుత్తి వంచి చూపిస్తుంది. ఒకే గుత్తిలో మూడు మొగ్గలు. ఒకటి ఆకుపచ్చగా గట్టిగా ఉంది. ఒకటి పాలిపోయిన పసుపు. మూడోది ఉబ్బి, తెల్లగా, కొనదేరి ఉంది. "పచ్చది ఎల్లుండికి. ఇది రేపటికి. ఇది ఇవాళ్టిది. రేపటిది ఇవాళ కోశావనుకో, వడిలిపోతుంది గాని విచ్చుకోదు. చీకట్లో విచ్చుకునే జాతి ఇది, రాత్రి తిరిగే పురుగుల కోసం వాసన దాచుకుంటుంది." చెబుతూనే చెయ్యి ఆకుల్లోకి వెళ్తుంది. బొటనవేలి గోరుతో కాడ కింద చిన్న నొక్కు, టిక్కుమని మొగ్గ ఊడి అరచేతిలో పడుతుంది. అరచెయ్యి నిండాక బుట్టలోకి. కళ్లతో వెతకడం లేదు, వేళ్లతో వెతుకుతోంది. ఉబ్బిన మొగ్గ చల్లగా, కొంచెం బరువుగా తగులుతుందట. నేను కోస్తే రెండు రేపటివి పడ్డాయి. ఏమీ అనకుండా వాటిని విడిగా పెట్టింది.

విరజాజి పందిరి దగ్గర మాత్రం అత్త గొంతు తగ్గిస్తుంది. "అటు పోకు." తీగ చివర పీచూ, ఎండుటాకు ముక్కలూ, సాలెగూడు దారాలూ కలిపి అల్లిన చిన్న సంచీ వేలాడుతోంది. పక్కన కన్నం. తేనెపిట్ట గూడు. ఆడపిట్టే కడుతుంది. అది కట్టిన రోజుల్లో అత్త వంట ఆలస్యం చేసిందని ఇంట్లో ఫిర్యాదు ఉంది. ఫిర్యాదు నిజమే, అత్త ఒప్పుకుంటుంది. "అది ఒక్కొక్క పీచూ తెచ్చి ముక్కుతో గుచ్చుతుంటే పప్పు పొయ్యి మీద పెడతానా?"

గోదావరి మీద నుంచి మొదటి గాలి తగిలేసరికి బుట్ట సగం నిండింది. గచ్చు మీద నీళ్లు చల్లి, ఆవిరి తగ్గాక చాప వేస్తుంది. అరటినార పొద్దుటి నుంచి గిన్నెలో నానుతోంది. సన్నగా చీల్చి, ఒక కొస కాలి బొటనవేలికి చుట్టుకుంటుంది. దారంతో కడితే కాడ కోసుకుపోతుంది, నార అయితే తడి పట్టి మెత్తగా ఉంటుందని ఆవిడ మాట. ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ మధ్య రెండు మొగ్గలు అటు, రెండు మొగ్గలు ఇటు, కాడలు ఎదురెదురుగా. నార చుట్టూ ఒక తిప్పు, వేలి మీదుగా ఒక మెలి, లాగడం. మళ్లీ రెండు అటు, రెండు ఇటు. మధ్యమధ్య ఒక మరువం రెమ్మ. గట్టిగా లాగితే కాడ తెగుతుంది, వదులుగా లాగితే జడలో రాలిపోతుంది. చీకటి పడుతోంది, దీపం వెయ్యనంటుంది. వేళ్లకి దీపం అక్కర్లేదు. బుట్టలోంచి వాసన అప్పుడే మొదలైంది, ఇంకా పూర్తిగా కాదు.

"పిన్నిగారూ!" కింద నుంచి పిలుపు. పక్కింటి కోడలు గోడ దగ్గర నిలబడి ఉంది. "దేవుడికి నాలుగు మల్లెపూలిస్తారేంటండీ?"

అత్త పిట్టగోడ మీదుగా వంగింది. "దేవుడికి పొద్దున్నే వచ్చి నందివర్ధనాలు కోసుకెళ్లమ్మా, ఎన్ని కావాలంటే అన్ని. మందారాలు కూడా ఉన్నాయి. ఇవి నావి."

ఆ పిల్ల "సరేనండీ పిన్నిగారూ" అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది. అలవాటైన జవాబులాగే ఉంది.

ఆ "ఇవి నావి" అనడానికి అత్తకి ఎంత కాలం పట్టిందో నాకు తెలుసు. మావయ్య పోయిన ఏడాది కూడా మల్లెలు పూశాయి. కోసి, కట్టి, గుళ్లకీ ఇరుగుపొరుగు ఇళ్లకీ పంపేది. చేతులకి వాసన, జడకి లేదు. ఎవరూ వద్దనలేదు. వద్దని చెప్పవలసిన అవసరం లేకుండానే అందరికీ తెలుసనుకున్నారు, తనతో సహా. మరుసటి వేసవి ఒక సాయంత్రం దండ కట్టి, అద్దం ముందుకి వెళ్లి పెట్టుకుంది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవరూ మాట్లాడలేదట. మర్నాడూ పెట్టుకుంది. 1881 డిసెంబరు 11న వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించిన ఊరు ఇది. ఆయన పేరు అందరికీ తెలుసు. వంటవాళ్లూ నీళ్లు తెచ్చేవాళ్లూ మానేస్తే గోదావరి నుంచి నీళ్లు తానే మోసుకొచ్చిన ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ పేరు అత్త ఎక్కువ తలుచుకుంటుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా అదే ఊళ్లో ఒక మూర మల్లెపూలకి ధైర్యం కావలసి రావడం నాకు కోపం తెప్పిస్తుంది. అత్తకి కోపం లేదు. "పూసింది నా తొట్టెలో," అంటుంది, అంతే.

మోచేతి నుంచి వేలి కొస దాకా కొలిచింది. మూర మీద ఇంకో జానెడు వచ్చింది. జానెడూ తెంపి నాకిచ్చింది. మూరెడు దండ తన జడకి ఆనించి, "పిన్ను పెట్టు. పైకి పెట్టకు, చెవి పక్కకి రావాలి." నెరిసిన జడలో తెల్ల మొగ్గలు మొదట కనిపించవు. మరువం పచ్చదనం వల్ల ఎక్కడున్నాయో తెలుస్తుంది. వేళ్లతో తడిమి చూసుకుని, "ఊఁ, పద," అంది.

ఆటోలో పుష్కరాల రేవుకి. హారతి అయిపోయి జనం పలచబడ్డారు. మరమరాల బండివాడు అత్తని చూసి అడక్కుండానే ఉల్లిపాయ ఎక్కువ వేశాడు. పొట్లం పట్టుకుని మెట్ల మీద కూర్చుంటే కాళ్ల దగ్గర నీళ్లు. విచ్చుకోవడం మొదలైంది. ఆవిడ తల తిప్పినప్పుడల్లా వాసన నా దాకా వస్తోంది. నది మీద వంతెనలు. 1900లో కట్టిన హేవలాక్ వంతెన మీద 1997 నుంచి రైళ్లు లేవు. దాని బదులు వచ్చింది 28 కాంక్రీటు కమానుల వంతెన. ఇంకోటి 1974 నాటి ఇనుప వంతెన, పైన రోడ్డు, కింద రైలు. అత్తకి వాటి గొంతులు వేరువేరుగా తెలుసు.

"కళ్లు మూసుకో. విను. ఇనుపదాని మీద ఎక్కింది. గణగణమంటోందా? కాంక్రీటు మీదైతే అంత మోగదు, దొర్లినట్టు పోతుంది."

"ప్యాసింజరా?"

"గూడ్సు. ఖాళీ పెట్టెలు. నిండుగా ఉంటే చప్పుడు బరువుగా ఒకేలా ఉంటుంది, ఇది గలగలలాడుతోంది చూడు."

కళ్లు తెరిచి చూస్తే గూడ్సే. పెట్టె వెనక పెట్టె, దీపం లేకుండా. అత్త మరమరాలు నోట్లో వేసుకుని మోకాలి మీద చరిచింది. "విరోధం!"

"ఏంటత్తా?"

"అడ్డం పదిహేను. మూడక్షరాలు, చివర ధం. పెన్సిలు తెచ్చావా?"

తేలేదు. నా ఫోనులో రాయించింది. పొట్లం అడుగున మిగిలిన వేరుశెనగలు పంచింది. టైమవుతోంది, ఆటోలు దొరకవేమో అంటే వినిపించుకోలేదు.

"కొవ్వూరు వైపు దీపం కనిపిస్తోంది. ఆగు, ఇది ఏ వంతెన ఎక్కుతుందో ముందు నువ్వు చెప్పు."