దుంగ దగ్గరకు రంపం: ఉత్తరాంధ్రలో కలప కోత చరిత్ర

ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కలప చరిత్రను సాధారణంగా అడవుల చరిత్రగానో, అటవీ చట్టాల చరిత్రగానో రాస్తారు. నేలకొరిగిన మాను దూలంగా, పలకగా, గుమ్మంగా మారిన తీరుకు, అంటే కోతకు, ఆ రచనల్లో దక్కిన చోటు స్వల్పం. అయితే ఇక్కడి కలప ఎవరికి అందింది, ఎంత పొట్టుగా పోయింది, కోతపై అధికారం ఎవరి చేతిలో నిలిచింది అన్న ప్రశ్నలకు జవాబు చాలావరకు ఒకే సంగతిలో ఉంది: ఆయా కాలాల్లో దుంగను రంపం దగ్గరకు తరలించారా, రంపాన్నే దుంగ దగ్గరకు తెచ్చారా అన్నది.

తెలుగువారు గుగ్గిలం చెట్టు అని పిలిచే సాల వృక్షం ఆంధ్రదేశంలో సహజంగా పెరిగేది ఈ ఉత్తరపు కొసలోనే. పార్వతీపురం, పాలకొండ, సాలూరు కొండల్లో గుగ్గిలంతో పాటు నల్లమద్ది, వేగిస దొరికేవి. మైదానంలోని ఊళ్ళకు మాత్రం పెరటి పనస, తోటలోని మామిడి, గట్టు మీది తాడి, వేప ఇంటి అవసరాలు తీర్చేవి. రెండెడ్ల బండి మోయలేని మానును పడినచోటనే కోయడం తప్ప వేరే దారి లేదు కనుక, కోతగాళ్ళు రంపం భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవారు.

దుంగను ఎత్తైన దన్నుల మీదికి ఎక్కించి, లేదా దాని కింద గొయ్యి తవ్వి, ఒకరు పైన, మరొకరు కింద నిలబడి పెద్ద రంపాన్ని నిలువునా ఆడించేవారు. పైమనిషి గీత తప్పకుండా రంపాన్ని నడిపితే, కిందిమనిషి లాగే బలంతో కోత సాగేది, పొట్టంతా అతని కళ్ళలో రాలేది. బొగ్గు నీటిలోనో ఎర్రమన్ను నీటిలోనో తడిపిన దారాన్ని దుంగ పొడవునా బిగించి, నడుమ పట్టి ఎత్తి వదిలితే పడే గీతే కోతకు ఆధారం. రంపపు పళ్ళను ఆకురాయితో పదును పెట్టి, ఒకదానిని కుడికి, పక్కదానిని ఎడమకు కొద్దిగా వంచేవారు. ఇలా చేస్తే కోత సందు రేకు మందం కన్నా కాస్త వెడల్పై, రంపం దుంగలో బిగుసుకోదు. ఇంతటి కష్టంలోనూ అసలు విద్య మొదటి గీత ఎక్కడ పడాలో తేల్చడంలోనే ఉండేది. చేవ, అంటే మాను నడుమ ముదిరి గట్టిపడిన భాగం, ఎటు ఒరిగి ఉందో, కణుపు ఎక్కడ దాగి ఉందో చూసి, దూలానికి ఏ ముక్క, తలుపుకు ఏ ముక్క అని ఇంటి యజమాని ఎదుటనే నిర్ణయించేవారు.

ఆ నిర్ణయపు విలువ బొబ్బిలి వీణలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో తయారయ్యే ఏకాండి వీణ ఒకే పనస దుంగ నుంచి వస్తుంది, గుండ్రటి కుండకూ పొడవాటి దండికీ నడుమ అతుకు ఉండదు. పలకలుగా కోసి అమ్మే కలప ఎంత మేలైనదైనా ఈ పనికి అక్కరకు రాదు, మానును మానుగానే ఎంచుకోవాలి.

రైలు వచ్చాక కోత స్వభావం మారింది. తూర్పు తీరపు రైలుమార్గం 1890లలో ఈ ప్రాంతం గుండా సాగింది, దాని ఉత్తర భాగాన్ని 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే చేపట్టింది. విజయనగరం నుంచి పార్వతీపురానికి 1908-09లో మార్గం పడింది, అది రాయపూర్ వరకు 1931లో పూర్తయింది. పట్టాల కింద అడ్డంగా పరిచే స్లీపర్లకు తేమనూ చెదనూ తట్టుకునే గుగ్గిలం ఎంతో కావలసిన కలప. బ్రాడ్‌గేజి స్లీపరు 9 అడుగుల పొడవు, 10 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల మందం ఉండేది. అంటే 3 ఘనపుటడుగులకు మించిన ఈ గుగ్గిలం దిమ్మె 70 కిలోలకు పైగా తూగేది. నిండు దుంగను కొండ దించడం కన్నా అక్కడే స్లీపర్లుగా కోసి దించడం సులువు కనుక, భారతదేశపు సాల అడవుల్లో చేతి రంపపు కోత రైల్వే కాలంలోనూ నిలిచింది. అయితే కొలత ఇప్పుడు గుత్తేదారుది, ఇంటి యజమానిది కాదు. దూలానికి పనికివచ్చే మాను కూడా తొమ్మిదడుగుల ముక్కలైపోయింది, ఈ ప్రాంతపు కలపకు ఇది నిజమైన నష్టం.

1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత కూడా కురుపాం, మేరంగి, పాచిపెంట వంటి జమీందారీల అడవులపై ఎస్టేట్ల పెత్తనమే సాగి, 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో ప్రభుత్వానికి మళ్ళింది. ఈలోగా కరెంటు, డీజిలు కోతమిల్లులు పట్టణాల్లో వెలిశాయి. అక్కడ రంపం కదలదు, దుంగే లారీలో రావాలి. ఒకచోట ఉన్నదాన్ని అదుపు చేయడం ప్రభుత్వానికీ తేలిక. 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం తర్వాత 1969లో కోతమిల్లుల నియమాలు లైసెన్సును తప్పనిసరి చేశాయి. సుప్రీంకోర్టు గోదావర్మన్ కేసులో 1996 డిసెంబరు 12న ఇచ్చిన ఉత్తర్వు కేంద్రం అనుమతి లేకుండా అడవుల్లో మిల్లులు నడపడాన్ని నిలిపివేసింది. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టంతో సొంత నేలలోని చెట్టు నరకడానికీ అనుమతి అవసరమైంది. అడవి రక్షణకు ఈ కట్టడి అవసరమే, కాని పెరటిలో కూలిన ఒక్క పనసమాను గల రైతుకు మిల్లు మరింత దూరమైంది.

రంపాన్ని మళ్ళీ దుంగ దగ్గరకు తెచ్చినది గొలుసు రంపం. జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ 1926లో కరెంటుతో నడిచే గొలుసు రంపాన్ని రూపొందించాడు, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఒక్క మనిషి మోయగల పెట్రోలు రంపాలు వచ్చాయి. 1960ల చివరినాటి స్టీల్ 070 వంటి పాత రంపాలను అమెరికా, ఐరోపాల్లో నేటికీ బాగుచేసుకుని ఇంటి వద్ద కలప కోతకు వాడేవారున్నారు. మోటారు సైకిలు ఇంజినంత, 106 సీసీల సామర్థ్యమున్న ఆ ఇంజిను నెమ్మదిగా తిరుగుతూనే, పొడవునా కోసేటప్పుడు పడే ఎడతెగని బరువును తట్టుకుంటుంది. రంపపు పట్టీకి ఇనుప చట్రం బిగించి, దుంగపై ఒక చదునైన పలక కొట్టి, దాని మీద చట్రాన్ని నడిపితే మొదటి కోత తిన్నగా వస్తుంది, ఆ కోత ముఖమే తర్వాతి కోతలకు దారి. గొలుసు పళ్ళను అడ్డకోతకు 30 డిగ్రీల వాలున అరగదీస్తే, నిలువు కోతకు 10 డిగ్రీలు చాలు. ఈ పద్ధతికి పెద్ద లోపం వృథా: కోత సందు దాదాపు అంగుళంలో మూడో వంతు ఉంటుంది కనుక, అంగుళం పలకలు తీస్తే నాలుగో వంతు కలప పొట్టుగా పోతుంది.

ఆ నష్టాన్ని ఒప్పుకొనైనా ఈ పద్ధతిని ఆదరించవలసిన చోటు శ్రీకాకుళం తీరంలోని తోటల ప్రాంతమైన ఉద్దానం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతంలో తీరం దాటినప్పుడు అక్కడి కొబ్బరి, జీడి, పనస, మామిడి తోటలు కూలిపోయాయి. గొలుసు రంపాలకు అటువంటప్పుడు మొదటి పని దారికి అడ్డుపడిన మానులను తొలగించడమే, దూలాల మాట తర్వాతే. జీడిమాను ఎక్కువగా వంటచెరకుకే పోతుంది. కొబ్బరిమానులో గట్టిదనం అంచున ఉండి నడుమ మెత్తగా ఉంటుంది కనుక, దాన్ని అంచు నుంచి లోపలికి కోయాలి. పనస చేవ కొంతకాలం ఆగుతుంది గాని, మామిడి దుంగను తడి నేల మీద వదిలితే కొద్ది వారాల్లోనే బూజు మరకలు, పురుగు తొలుపు మొదలవుతాయి. అందుకే దాన్ని పడినచోటనే త్వరగా పలకలు తీసి, నడుమ అడ్డబద్దలు పెట్టి, గాలి ఆడే నీడలో పేర్చాలి. అంగుళం మందపు పలక అలా ఆరడానికి సుమారు ఏడాది పడుతుంది.