పన్నెండులో ఇద్దరే మిగిలారు

ఆ కాలేజీ ఆటల కూటమి పేరు పాక్-12. 2024 ఆగస్టు వచ్చేసరికి అందులో మిగిలినవి రెండే విశ్వవిద్యాలయాలు: కార్వాలిస్‌లోని ఒరెగాన్ స్టేట్, గోధుమ పొలాల నడుమ పుల్‌మన్‌లో ఉన్న వాషింగ్టన్ స్టేట్. రెండూ చిన్న ఊళ్లే.

అమెరికాలో కాలేజీ ఆటలు కాన్ఫరెన్సుల కింద నడుస్తాయి. ఇరుగుపొరుగు విశ్వవిద్యాలయాలు కలిసి కట్టుకున్న కూటములవి. 1915 డిసెంబరులో పోర్ట్‌లాండ్‌లోని ఇంపీరియల్ హోటల్లో బర్క్‌లీ, వాషింగ్టన్, ఒరెగాన్, నేటి ఒరెగాన్ స్టేట్ కూర్చుని పసిఫిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ పెట్టుకున్నాయి. తర్వాత వాషింగ్టన్ స్టేట్, స్టాన్‌ఫర్డ్, యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ చేరాయి. 1950ల్లో ఆటగాళ్లకు చాటుమాటుగా డబ్బులిచ్చిన బాగోతం బయటపడి, తగవులు ముదిరి, 1959లో కూటమే రద్దయింది. కాలిఫోర్నియా సంస్థలు నాలుగూ వాషింగ్టన్‌ను కలుపుకుని వేరు కుంపటి పెట్టుకున్నాయి. వాషింగ్టన్ స్టేట్‌ను 1962 దాకా, ఒరెగాన్ స్టేట్‌ను 1964 దాకా గుమ్మం బయటే నిలబెట్టాయి. అరవై ఏళ్ల తర్వాత వీధిన పడ్డవీ ఈ రెండే. కాకతాళీయం అనుకోలేం. పెద్ద నగరం అండ లేని జట్టుకు బేరంలో పలుకుబడి ఎప్పుడూ తక్కువే.

ఈసారి బేరం టీవీది. ఫుట్‌బాల్ ప్రసారాలపై జాతీయ కాలేజీ క్రీడల సంఘం గుత్తాధిపత్యాన్ని సుప్రీంకోర్టు 1984లో కొట్టేసింది. అప్పటి నుంచి ఎవరి హక్కులు వాళ్లు అమ్ముకోవడమే. 2011లో కొలరాడో, యూటా చేరికతో పాక్-12 అయిన ఆ వేరు కుంపటికి ఈఎస్‌పీఎన్, ఫాక్స్‌లతో పన్నెండేళ్లకు దాదాపు 300 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడాది పెట్టుకున్న సొంత చానల్ మాత్రం డైరెక్ట్‌టీవీకి ఎక్కనేలేదు. ఇంతలో మరో కాన్ఫరెన్స్ బిగ్ టెన్ ఆదాయం ఎక్కడికో పెరిగిపోయింది. 2022 జూన్ 30న యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ అటు వెళ్తున్నట్టు ప్రకటించాయి.

2023 జులైలో కొలరాడో ఇంకో కాన్ఫరెన్స్ బిగ్ 12 దారి పట్టింది. ఆగస్టు 4 పొద్దున యాపిల్‌తో కొత్త ప్రసార ఒప్పందంపై సంతకాలవుతాయని అనుకున్నారు. పొద్దుగూకేలోపు ఒరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కూ, యూటా, అరిజోనా, తెలుగు విద్యార్థులకు బాగా తెలిసిన అరిజోనా స్టేట్ బిగ్ 12కూ వెళ్లిపోయాయి. నెల తిరక్కుండానే పసిఫిక్ ఒడ్డునున్న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో చేరాయి! ఫుట్‌బాల్ జట్టుకైతే ప్రత్యేక విమానాలుంటాయి సరే. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ సాఫ్ట్‌బాల్ అమ్మాయి న్యూజెర్సీ దాకా వెళ్లి ఆడి వచ్చి క్లాసులో కూర్చోవాలి.

ఆ సెప్టెంబరు 23న మిగిలిన రెండు జట్లే పుల్‌మన్‌లో తలపడ్డాయి. రెండూ దేశంలోని తొలి పాతిక ర్యాంకుల్లో ఉన్నవే. వాషింగ్టన్ స్టేట్ 38-35తో గెలిచింది. ఆట చేతకాక మిగిలిపోయారని వీళ్లను ఎవరూ అనలేరు.

ఇక ఇల్లెవరిదన్న పేచీ. వెళ్లిపోతున్న పదీ పెత్తనంలోనూ, ఖజానాలోనూ వాటా మాకుందన్నాయి. పుల్‌మన్ దగ్గర్లోని కోల్‌ఫాక్స్ కోర్టు నవంబరులో ఉన్నవాళ్లకే పగ్గాలిచ్చింది; డిసెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు జోక్యానికి ఒప్పుకోలేదు. పేరూ దక్కింది, పెత్తనమూ దక్కింది. అయితే పైస్థాయి ఫుట్‌బాల్ కాన్ఫరెన్స్‌గా నిలవాలంటే ఎనిమిది జట్లుండాలి, గడువు రెండేళ్లు.

అందుకని 2024 సెప్టెంబరులో బోయిసీ స్టేట్, కొలరాడో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియేగో స్టేట్, యూటా స్టేట్‌లను 2026 నుంచి చేర్చుకునేలా లాగేసుకున్నారు. ఐదూ మౌంటెన్ వెస్ట్ కాన్ఫరెన్స్‌వే. తర్వాత ఫుట్‌బాల్ జట్టు లేని గొంజాగా, ఎనిమిదో ఫుట్‌బాల్ జట్టుగా టెక్సస్ స్టేట్ వచ్చాయి. ఐదుగురిని తీసుకెళ్లినందుకు మౌంటెన్ వెస్ట్ ఐదున్నర కోట్ల డాలర్ల పరిహారం అడిగింది. పాక్-12తో ముందుగా రాసుకున్న ఒప్పందంలోని షరతే అది. ఆ షరతు చెల్లదంటూ కోర్టుకెక్కింది మాత్రం, నిన్నటిదాకా తమను దోచుకుపోయారని వాపోయిన పాక్-12.