వెల్లుల్లి: రోగనిరోధకౌషధముగా దాని చరిత్ర

వెల్లుల్లి ఉల్లి జాతికి చెందిన గడ్డమొక్క. దీని జన్మభూమి మధ్య ఆసియా యని వృక్షశాస్త్రజ్ఞుల యభిప్రాయము. ప్రాణహిత గోదావరిలో సంగమించుచోట, కాళేశ్వరమున కెదుటి యొడ్డున నున్న సిరొంచ తాలూకాలో తెలుగువారు దీనిని ఎల్లిగడ్డ యనియు, మరాఠీలు లసూణ్ అనియు వ్యవహరింతురు. ఎల్లిగడ్డ కారమును బాలింత పథ్యమునందు చేర్చుట తెలుగిండ్ల చిరకాలాచారము.

ప్రాచీన వైద్యమున దీనికి విశిష్టస్థానము కలదు. కాశ్యపసంహితలో లశునకల్పమను ప్రత్యేకాధ్యాయమున్నది. 1890లో కూచా ప్రాంతమున హామిల్టన్ బోవరు సంపాదింపగా, హోర్న్‌లే పండితుడు పరిష్కరించి ప్రకటించిన భూర్జపత్రగ్రంథము లశునప్రశస్తితోడనే యారంభమగుచున్నది. వాగ్భటుడు దీనిని రసాయనముగా కొనియాడుచునే, రాహుదేహమునుండి పుట్టినదగుటచే ద్విజులు భుజింపరని కారణము చెప్పెను. బలాయువులను పెంచునది రసాయనము. రోగనిరోధకశక్తి యను నేటి భావన దానికి సన్నిహితమే గాని, రెండును ఒక్కటి కావు.

1858లో లూయీ పాశ్చరు వెల్లుల్లికి సూక్ష్మజీవులను నశింపజేయు గుణము కలదని గుర్తించెను. 1944లో కవాలిటో, బెయిలీ యనువారు దానినుండి అల్లిసిన్‌ను వేరుచేసిరి. చెక్కుచెదరని రెబ్బలో అల్లిసిన్ ఉండదు. రెబ్బను దంచినప్పుడు అల్లీన్ అను గంధకయుక్తద్రవ్యముపై అల్లినేజ్ అను ఎంజైము పనిచేయుటచే అది జనించును. ముందే వేడి తగిలినచో ఎంజైము నశించును గనుక, పచ్చిరెబ్బలను దంచి నూరిన కారమునకును, నూనెలో వేచిన పోపునకును గుణభేదము తప్పదు. జఠరామ్లమువలన ఎంజైము చెడకుండుటకై కొన్ని మాత్రలకు ప్రత్యేకమైన పూత పూయుదురు.

2001లో ప్రకటితమైన బ్రిటిషు ప్రయోగమున 146 మంది పాల్గొనగా, 12 వారములలో వెల్లుల్లి మాత్రలు సేవించినవారియందు 24 పర్యాయములును, తక్కినవారియందు 65 పర్యాయములును జలుబు కనబడెను. అయినను, ఈ విషయమై వెలువడిన ప్రయోగములను 2014లో పునఃపరిశీలించిన కోక్రేన్ సమీక్షకులు, తగిన ప్రమాణములు గలది ఈ యొక్కటియే యని తేల్చి, నిర్ణయమునకు సాక్ష్యము చాలదనిరి. కరోనానుండి వెల్లుల్లి రక్షించునన్న ప్రచారమునకు ఆధారము లేదని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టపరచెను.

ఆహారముగా వెల్లుల్లి నిరపాయమే. రక్తము గడ్డకట్టకుండుటకు మందులు వాడువారును, శస్త్రచికిత్సకు సిద్ధపడువారును మాత్రము వెల్లుల్లి గుళికలను వైద్యుని యనుమతి లేక సేవింపరాదు.