విమానములకు దారి చూపిన గదులు

ఆకాశము విశాలమే గాని విమానములు దిగు తావులు కొలదియే. కావున వానికి వరుస నిర్ణయించువారు కావలసివచ్చిరి. 1929లో అమెరికాలోని సెయింట్ లూయీ విమానాశ్రయమున ఆర్చీ లీగ్ అను నతడు ఈ పనికి కుదిరెను. గొడుగు, కుర్చీ, రెండు జెండాలు ఒంటిచక్రపు తోపుడుబండిలో వేసికొని మైదానమునకు పోవును. అదియే ఆతని కార్యాలయము. ఎఱ్ఱజెండా ఆగుమనుటకు, గళ్లజెండా సాగుమనుటకు. కంటికి కానవచ్చినంత మేరయే ఆతని అధికారము.

మరి మార్గమధ్యమున నున్న విమానముల గతి యేమి? 1935 డిసెంబరులో న్యూయార్క్ చెంతనున్న నెవార్క్ విమానాశ్రయమున విమానసంస్థలే కూడి మొదటి మార్గనియంత్రణ కేంద్రమును నెలకొల్పినవి. మరుసటి యేడు ప్రభుత్వము దానిని స్వీకరించెను. నల్లబల్ల, పటములు, టెలిఫోను: ఇవియే అందలి పరికరములు. ఉద్యోగి విమానమును చూడడు, చోదకునితో మాటాడడు. చోదకుడు రేడియోలో తన సంస్థవారికి చెప్పును. వారు టెలిఫోనులో కేంద్రమునకు తెలుపుదురు. ఉద్యోగి లెక్కగట్టి, పటముపై చిన్న బిళ్లను ముందుకు జరుపును. మన పులిజూదము జ్ఞప్తికి వచ్చును గాని, ఇచట ప్రతి బిళ్లయందును మనుష్యుల ప్రాణములు గలవు.

యుద్ధానంతరము రాడారు వచ్చినను అంతటికిని చేరలేదు. 1956 జూన్ 30న లాస్ ఏంజిలిస్ నుండి మూడు నిమిషముల తేడాలో బయలుదేరిన రెండు విమానములు, రాడారు కనిపెట్టని గ్రాండ్ కాన్యన్ లోయపై ఢీకొనగా 128 మంది మరణించిరి. కేంద్రములకు ధనము దొరకుటకు ఇంత ఘోరము జరుగవలసివచ్చుట విచారకరము. 1958లో కొత్త చట్టమును వచ్చెను.

రాడారు వచ్చినను బిళ్లలు పోలేదు. తెరను బల్లవలె పరుండబెట్టి, పేరు వ్రాసిన బిళ్లను చుక్క వెంట చేతితో నెట్టుచుండిరి. తెర వెలుగు మందమగుటచే గదిని చీకటి చేయుచుండిరి. 1970 దశకమున కంప్యూటరే విమానపు పేరును, ఎత్తును చుక్క ప్రక్కన వ్రాయసాగెను. అప్పటికి గాని ఉద్యోగి చేతికి ఆ నెట్టుడు తప్పలేదు.